ఆలస్యం ఎవరి ఖాతాలో?

(గంపలగూడెంలో చేసిన స్మారక ఉపన్యాస పాఠం)



మాస్టారి పేరున జరిపే ఈ ఉపన్యాసానికి నన్ను పిలిచినవారు అంశాన్ని నా ఇష్టానికే వదిలేశారు. మాస్టారిని ఎరిగినవాళ్లకు గుర్తుండే ఉంటుంది, బడి వదిలాక ఆయన ఊళ్లోవాళ్ల అర్జీలు రాసిపెట్టేవారు. పట్టాదారు పాసుపుస్తకం, వితంతు పింఛను, కరెంటు కనెక్షను, కుల ధ్రువపత్రం, ఏదైనా సరే. రాసి చేతిలో పెట్టడంతో ఆయన పని తీరేది కాదు. ఆ కాగితం తిరువూరులో ఏ బల్ల మీద ఆగింది, ఎన్నాళ్లుగా ఆగింది అని వెంటబడి కనుక్కునేవారు. అలాంటి మనిషి స్మృతిలో మాట్లాడడానికి అర్జీని మించిన విషయం నాకు తోచలేదు. మన పిల్లలు పరాయి దేశాల్లో పెట్టుకుంటున్న అర్జీ, పని చేసుకోనివ్వండి అని అడిగే అర్జీ. దాన్ని త్వరగా తేల్చడానికి ప్రభుత్వాలు ఏం చేశాయి, చేసినవాటిలో ఏది నిలిచింది, ఏది నిలవలేదు అన్నది ఈ పూట నేను చెప్పదలచుకున్నది.

గంపలగూడెంలో ఈ మాట ఎందుకంటే, డాలస్, న్యూజెర్సీ, అట్లాంటా పేర్లు ఇప్పుడు మన వీధుల్లో తిరువూరు, మధిర పేర్లంత మామూలుగా వినబడుతున్నాయి. మామిడి తోట కౌలు గురించీ, పత్తి ధర గురించీ మాట్లాడుకునే అరుగుల మీదే స్టాంపింగు, ఆర్‌ఎఫ్‌ఈ, ప్రయారిటీ డేటు అన్న మాటలూ దొర్లుతున్నాయి. కూతురు ఫోనులో "ఈఏడీ ఇంకా రాలేదమ్మా" అంటుంది. ఈఏడీ అంటే ఏమిటో, రాకపోతే ఏమవుతుందో ఆ తల్లికి తెలియదు. ఏదో కష్టం వచ్చిందని మాత్రం తెలుస్తుంది. అందుకని ముందు ఆ తల్లికి అర్థమయ్యేలా సంగతి చెప్తాను.

అమెరికాలో సాఫ్ట్‌వేరు ఉద్యోగాలు చేస్తున్న మనవాళ్లలో చాలామంది హెచ్-1బి వీసా మీద ఉంటారు. కంపెనీల కోటాలో ఏటా కొత్తగా ఇచ్చేవి 65,000, అక్కడే పీజీ చదివినవాళ్లకు మరో 20,000. ఆ ఉద్యోగి భార్యకో భర్తకో ఇచ్చేది హెచ్-4. హెచ్-4 మీద వెళ్లిన మనిషి ఇంజినీరైనా, ఇక్కడ పదేళ్లు పాఠాలు చెప్పిన లెక్చరరైనా 2015 దాకా ఇంట్లో కూర్చోవలసిందే. 2015 ఫిబ్రవరి 25న ఒబామా ప్రభుత్వం ఒక నిబంధన ప్రచురించింది. అది మే 26 నుంచి అమల్లోకి వచ్చింది. భర్త గ్రీన్‌కార్డు వ్యవహారం ఐ-140 అనే మెట్టు దాటి ఉంటే హెచ్-4 మీద ఉన్న భార్య కూడా పని చేసుకోవచ్చు. అందుకు ప్రభుత్వం ఇచ్చే కార్డే ఈఏడీ.

గ్రీన్‌కార్డు చేతికొస్తే ఈ కార్డుతో పనే ఉండదు. కాని ఉద్యోగాల కోటాలో ఏడాదికి ఇచ్చే గ్రీన్‌కార్డులు సుమారు 1,40,000. ఏ ఒక్క దేశానికీ అందులో 7 శాతానికి మించి ఇవ్వకూడదని మామూలు నియమం. మనలాంటి పెద్ద దేశానికీ, మన జిల్లాకన్నా చిన్న దేశానికీ అదే కొలత. కాబట్టి మనవాళ్లు పదేళ్లు, పదిహేనేళ్లు, అంతకుమించీ వరసలో ఉంటున్నారు. అన్నాళ్లూ ఆ ఇంటి రెండో జీతం ఈ కార్డు మీదే ఆధారపడాలి. 2015 మే నుంచి 2017 డిసెంబరు దాకా అమెరికా ఆమోదించిన హెచ్-4 ఈఏడీ దరఖాస్తులు, అన్ని రకాలూ కలిపి, 1,26,853. ఆమోదం పొందినవాళ్లలో 93 శాతం మంది భారతదేశంలో పుట్టినవాళ్లు. ఆడవాళ్ల వాటా కూడా అంతే, 93 శాతం. అందుకే దీన్ని వీసాల గొడవగా పక్కన పెట్టేయకండి. ఇది మన ఆడపిల్లల ఉద్యోగాల విషయం.

ఇందులో చిక్కుముడి ఎక్కడుందంటే, కార్డు గడువు హెచ్-4 గడువును మించదు. హెచ్-4 గడువు భర్త హెచ్-1బి గడువును మించదు. హెచ్-1బి ఒక విడతకు గరిష్ఠంగా మూడేళ్లు. గడువు తీరినప్పుడల్లా మూడు కాగితాలూ కొత్తవి కావాలి. భర్త పొడిగింపు అర్జీని ఆరు నెలలకంటే ముందు పెట్టనివ్వరు. అంటే భార్య కార్డు కోసం చేతిలో ఉండేది కూడా ఆ ఆరు నెలలే. ఆలోపు తేలకపోతే, కార్డు మీద తారీఖు దాటిన మర్నాడు ఆమె ఆఫీసుకు వెళ్లకూడదు. వెళ్తే అనుమతి లేకుండా పని చేసినట్టవుతుంది, యజమాని రానిస్తే అతనిదీ చట్ట ఉల్లంఘనే. జీతం ఆగుతుంది, ఆ ఉద్యోగం మీద వచ్చే ఆరోగ్య బీమాకు ఎసరొస్తుంది, ఇంటి అప్పు వాయిదా మాత్రం నెల తిరిగేసరికి వచ్చి నిలబడుతుంది. కొన్ని కంపెనీలు జీతం లేని సెలవిచ్చి ఆగుతాయి, కొన్ని ఆ కుర్చీలో ఇంకొకరిని కూర్చోబెడతాయి. ఆమె ఫీజు కట్టింది, వేలిముద్రలిచ్చింది, గడువుకు ముందే అర్జీ పెట్టింది. ఆలస్యం చేసింది కార్యాలయం, ఉద్యోగం పోయింది ఆమెకు.

అమెరికా ప్రభుత్వానికి ఈ అన్యాయం తెలియనిదేమీ కాదు. ఒకప్పుడు దానికి సరైన మందే వాళ్ల దగ్గర ఉంది. 2017 జనవరి 17 దాకా అక్కడి నిబంధన ప్రకారం మామూలు ఈఏడీ దరఖాస్తును 90 రోజుల్లో తేల్చాలి. తేల్చలేకపోతే 240 రోజుల వరకూ చెల్లే తాత్కాలిక అనుమతి ఇవ్వాలి. ఆచరణలో ఆ తాత్కాలిక కార్డు తెచ్చుకోవడం సులువేమీ కాదు, నిజమే. అయినా గీత ఎక్కడ గీశారో చూడండి. తొంభై రోజులు దాటితే ఆ తర్వాతి ప్రతి రోజుకూ జవాబుదారీ కార్యాలయానిదే. 2016 నవంబరులో తెచ్చిన కొత్త నిబంధన ఆ 90 రోజుల గీతను చెరిపేసింది. దాని బదులు, గడువులోగా రెన్యువల్ పెట్టుకున్నవాళ్లకు పాత కార్డే మరో 180 రోజులు చెల్లుతుందంది. ఇదీ మంచిదే. కాని ఆ సదుపాయం వర్తించే తరగతుల జాబితాలో హెచ్-4 లేదు. పాత రక్షణ పోయింది, కొత్త రక్షణ దక్కలేదు. దాని ఫలితం రెండేళ్ల తర్వాత బయటపడింది.

2019 మార్చి దాకా న్యాయవాదులు భర్త హెచ్-1బి, భార్య హెచ్-4, ఆమె ఈఏడీ మూడూ ఒకే కవరులో పెట్టి పంపేవారు. భర్త అర్జీకి అదనపు రుసుము కట్టి ఉంటే పదిహేను రోజుల్లో అది తేలేది, దాంతోపాటు తక్కిన రెండూ తేలిపోయేవి. ఆ మార్చి నుంచి హెచ్-4 పొడిగింపుకు ప్రతి ఒక్కరూ, చంటిపిల్లలతో సహా, వెళ్లి ఫొటో, వేలిముద్రలు ఇవ్వాలన్నారు. అంతకుముందే ఇచ్చినవాళ్లూ మళ్లీ ఇవ్వాలి. కవరు విడిపోయింది. భర్తది రెండు వారాల్లో వస్తే భార్యది నెలల తరబడి ఆగింది. ఆపైన 2020 మార్చిలో కోవిడ్ వచ్చి వేలిముద్రల కేంద్రాలే మూతబడ్డాయి. ఆ కార్యాలయం, అంటే యూఎస్‌సీఐఎస్, దాదాపు పూర్తిగా అర్జీదారుల ఫీజుల మీద నడిచే సంస్థ. ఫీజులు తగ్గేసరికి 13,000 మందికి పైగా సిబ్బందిని జీతం లేకుండా ఇంటికి పంపుతామని నోటీసులిచ్చారు. ఆగస్టులో ఆ ఆలోచన మానుకున్నా కొత్త నియామకాలు చాలాకాలం ఆగిపోయాయి.

ఆ వేసవిలోనే మరొకటి జరిగింది. కార్డులు అచ్చువేసే కాంట్రాక్టు ముగిసింది, సొంతంగా అచ్చువేసే ఏర్పాటు చాల్లేదు. ఆమోదం పొంది కూడా అచ్చుకాని ఈఏడీలు 75,000 దాకా పేరుకున్నాయని అప్పట్లో పత్రికలు రాశాయి. అనుమతి ఇచ్చేశారు, ప్లాస్టిక్ ముక్క లేదు, ఆ ముక్క లేనిదే ఉద్యోగం లేదు. ఒహాయోలోని ఫెడరల్ కోర్టులో దావా పడింది. దావా వేసినది హెచ్-4 మీద ఉన్న ఒక భారతీయ మహిళ. ఆ తర్వాత ప్రభుత్వం, కార్డు బదులు ఆమోదం తెలిపే కాగితం చూపినా యజమానులు పనిలో పెట్టుకోవచ్చని ఆ డిసెంబరు 1 దాకా ఒప్పుకుంది. ఆ చిన్న సడలింపుకు ఖర్చేమీ కాలేదు. మూడు నెలల ముందే ఎవరైనా ఆ మాట అని ఉంటే ఎన్నో ఇళ్లు ఆ వేసవిలో కంగారు పడకుండా ఉండేవి.

ఆ తర్వాతి రెండేళ్లలో వచ్చిన మార్పుల్లో చాలావరకూ కోర్టుల ద్వారానే వచ్చాయి. 2021 నవంబరు 10న ఒక దావాలో ప్రభుత్వం రాజీకి వచ్చింది. హెచ్-4 వాళ్లకు కూడా 180 రోజుల పొడిగింపు ఇస్తామంది, కాని హెచ్-4 గడువు ఉన్నంత వరకే. ఇందాక చెప్పాను కదా, చాలామందికి హెచ్-4, కార్డు ఒకే తారీఖున తీరతాయి. వాళ్లకు ఈ పొడిగింపు కాగితం మీద ఉందే గాని చేతికి అందలేదు. అదే రాజీలో ఎల్-2 వీసా మీద ఉన్న భార్యలకు, అంటే కంపెనీ అక్కడికి బదిలీ చేసిన ఉద్యోగుల భార్యలకు, అసలు కార్డే అక్కర్లేదన్నారు. దేశంలో ఉండడానికి అనుమతి ఉంటే పని చేయడానికీ అనుమతి ఉన్నట్టే.

ఒకే రాజీలో ఒకరికి అంత, ఒకరికి ఇంత ఎందుకొచ్చింది? ఇక్కడ కాసేపు ఆగుతాను, నేను చెప్పదలచుకున్నదానికి ఇదే ఆయువుపట్టు. ఎల్ వీసా ఉద్యోగుల భార్యలకు పని హక్కు 2002లో అమెరికా కాంగ్రెస్ చేసిన చట్టంలో ఉంది. హెచ్-4 వాళ్లది ఒక శాఖ రాసుకున్న నిబంధన. చట్టంలో ఉన్నదాన్ని కోర్టులో గట్టిగా అడిగి తెచ్చుకోగలిగారు. నిబంధనలో ఉన్నదాని కోసం బతిమాలుకోవలసి వచ్చింది. ఆ నిబంధనను రద్దు చేస్తామని ట్రంప్ మొదటి ప్రభుత్వం మూడేళ్లకు పైగా అంటూనే ఉంది. ఆ ప్రతిపాదనను 2021 జనవరిలో బైడెన్ ప్రభుత్వం ఉపసంహరించింది. సేవ్ జాబ్స్ యూఎస్ఏ అనే అక్కడి టెక్ ఉద్యోగుల సంఘం 2015లో వేసిన కేసు పదేళ్లు నడిచి, 2025 అక్టోబరులో సుప్రీంకోర్టు విచారణకు నిరాకరించడంతో ముగిసింది. పదేళ్లపాటు ఒక తరం ఆడవాళ్లు, ఈ హక్కు రేపు ఉంటుందో లేదో అనుకుంటూనే కెరీర్లు కట్టుకున్నారు.

2022లో బైడెన్ ప్రభుత్వం ఆలస్యాన్ని నిజంగానే పట్టించుకుంది. మార్చి 29న ఈఏడీలను మూడు నెలల్లో తేలుస్తామని లక్ష్యం పెట్టుకుంది. మే 4న 180 రోజుల పొడిగింపును 540 రోజులకు పెంచింది. అప్పటికే కార్డు గడువు తీరినవాళ్లు, నెలలోపు తీరబోయేవాళ్లు కలిసి 87,000 మందికి దానివల్ల వెంటనే ఊరట కలుగుతుందని అంచనా వేసింది. 2023 జనవరిలో ఇంకో దావాలో రాజీపడి, మూడు కాగితాలనూ మళ్లీ ఒకే కవరులో చూస్తామంది. వేలిముద్రల షరతును 2021 మేలోనే పక్కన పెట్టారు. ఆ సెప్టెంబరులో గ్రీన్‌కార్డు ఆఖరి మెట్టు మీద ఉన్నవాళ్లకు కార్డు గడువును అయిదేళ్లకు పెంచారు. 2024 డిసెంబరులో 540 రోజుల పొడిగింపును శాశ్వతం చేస్తూ ప్రకటన ఇచ్చారు. అది 2025 జనవరి 13న అమల్లోకి వచ్చింది.

శాశ్వతం అన్నది పది నెలలైనా నిలవలేదు. 2025 అక్టోబరు 30 నుంచి పెట్టిన రెన్యువళ్లకు ఆ పొడిగింపు ఉండదని ట్రంప్ రెండో ప్రభుత్వం ఒక మధ్యంతర నిబంధనతో కొట్టేసింది. ఒకే కవరు రాజీ గడువు కూడా ఆ ఏడాది జనవరిలోనే తీరిపోయింది. డిసెంబరులో అయిదేళ్ల కార్డులను 18 నెలలకు కుదించారు. భద్రతా తనిఖీలు తరచుగా జరగాలన్నది వాళ్లు చెప్పిన కారణం. తనిఖీ చేయవద్దని ఎవరూ అనరు. తన గడ్డ మీద ఎవరు పని చేస్తున్నారో తెలుసుకునే హక్కు ఏ దేశానికైనా ఉంది. కాని తనిఖీ పూర్తయ్యేదాకా జీతం ఆపాలన్న నియమం భద్రతకు ఏ విధంగా తోడ్పడుతుంది? ఆ మనిషి అదే ఇంట్లో, అదే ఊళ్లో ఉంటుంది. ఆగేది ఆమె పని ఒక్కటే. అయిదేళ్లకోసారి రావలసిన అర్జీ ఇప్పుడు ఏడాదిన్నరకోసారి వస్తుంది. ఆ అర్జీల భారమంతా అదే కార్యాలయం మీద, అదే సిబ్బంది మీద పడుతుంది.

ఇన్ని తారీఖులు ఎందుకు చెప్పానంటే, వీటిని పక్కపక్కన పెట్టి చూస్తే ఒకటి తేలుతుంది. ఆలస్యం మీద ప్రభుత్వాలు చేసే పనులు రెండు తెగలు. సిబ్బందిని పెంచడం, ఆన్‌లైన్ చేయడం, లక్ష్యాలు ప్రకటించడం, అదనపు రుసుముకు త్వరగా తేల్చడం ఒక తెగ. ఆలస్యమైనా సరే అర్జీదారు నష్టపోకుండా చట్టంలో రాయడం రెండో తెగ. మొదటి తెగవి అవసరమే. కాని అవి ప్రభుత్వం మారినప్పుడు, బడ్జెట్ తగ్గినప్పుడు, ఒక మహమ్మారి వచ్చినప్పుడు ఎగిరిపోతాయి. వాటిలో అదనపు రుసుము అనేది నాకు మొదటినుంచీ మింగుడుపడదు. చదువు పూర్తిచేసిన విద్యార్థులు పెట్టుకునే ఓపీటీ పని అనుమతిని అదనంగా 1,500 డాలర్లు కడితే 30 రోజుల్లో తేల్చే పద్ధతి 2023లో వచ్చింది, ఆ రుసుము తర్వాత పెరిగింది. ముప్ఫై రోజుల్లో తేల్చడం సాధ్యమేనని దానితో వాళ్లే ఒప్పుకున్నట్టయింది. అప్పుచేసి చదువుకున్న పిల్లవాడు, ఉద్యోగంలో చేరకముందే తన అర్జీని చదివించుకోవడానికి మళ్లీ అప్పు చేయాలి.

హైదరాబాదులో నానక్‌రామ్‌గూడ కాన్సులేటు చుట్టూ తిరిగే స్టాంపింగు కథ కూడా ఇలాంటిదే. వీసా ముద్ర కోసం ఇండియాకు రానక్కరలేకుండా అమెరికాలోనే రెన్యువల్ చేసే ప్రయోగం 2024 జనవరి 29న 20,000 మంది పరిమితితో మొదలైంది. పైలట్‌గా మొదలైనది పైలట్‌గానే ఆగింది. 2025 డిసెంబరు 15 నుంచి హెచ్-1బి, హెచ్-4 వాళ్ల సోషల్ మీడియా ఖాతాలు చూడాలని నిర్ణయించి, అప్పటికే ఇచ్చిన ఇంటర్వ్యూ తారీఖులను నెలల తరబడి వాయిదా వేశారు. చెల్లెలి పెళ్లికి, తండ్రి ఆపరేషనుకు వచ్చినవాళ్లు ఇక్కడే చిక్కుకుపోయారు.

ఇప్పటిదాకా చదువుకుని వెళ్లినవాళ్ల సంగతి చెప్పాను. పదో తరగతి గట్టెక్కకుండా గల్ఫ్‌కు వెళ్లేవాళ్ల సంగతి ఇంతకన్నా బరువైనది. మన తిరువూరు వైపు నుంచి తక్కువేమో గాని కడప, కోనసీమ, కరీంనగర్, నిజామాబాద్ వైపు ఊళ్లకు ఊళ్లే గల్ఫ్ జీతాల మీద నడిచాయి. వాళ్లకు అనుమతి ఇక్కడే మొదలవుతుంది. పదో తరగతి పాస్ కానివాళ్లు గల్ఫ్ వంటి కొన్ని దేశాలకు ఉద్యోగానికి వెళ్లాలంటే వలస సంరక్షణాధికారి అనుమతి ఉండాలి. దీనికి ఆధారమైన చట్టం 1983 నాటిది. అంతకుముందుది 1922 నాటి బ్రిటిషు చట్టం. తెల్లదొరల కాలపు చట్టాన్ని మార్చడానికే మనకు అరవయ్యేళ్లు పట్టింది.

చట్టం ఉద్దేశం మంచిది. కూలి ఎంతో, యజమాని ఎవరో, ఒప్పందం ఏమిటో చూసి గాని పంపవద్దన్నది. కాని కాగితాల కోసం హైదరాబాదు చుట్టూ తిరిగే రోజులు పెరిగినకొద్దీ దళారికి గిరాకీ పెరిగింది. "అదంతా ఎందుకమ్మా, విజిట్ వీసా మీద పంపిస్తా, అక్కడికెళ్లాక మార్చేస్తారు" అంటాడు. నమ్మి వెళ్లిన మనిషి విమానం దిగిన రోజునుంచే చట్టానికి కనబడదు. ప్రభుత్వ పోర్టలు ఈ-మైగ్రేట్ వచ్చాక అనుమతి ఆన్‌లైన్ అయింది, దాని కొత్త రూపం 2024 అక్టోబరులో మొదలైంది. ఇవి నిజమైన మెరుగుదలలే. ప్రభుత్వ దారి దళారి దారికన్నా త్వరగా నడిస్తేనే మనిషి ప్రభుత్వ దారిన పోతాడు. 2024 మేలో విశాఖపట్నం పోలీసులు బయటపెట్టిన కంబోడియా వ్యవహారం మీరు పేపర్లో చదివే ఉంటారు. డేటా ఎంట్రీ ఉద్యోగమని తీసుకెళ్లి సైబర్ మోసాలు చేయించారు. దొడ్డిదారి ఇప్పుడు ఎడారి దాకానే కాదు, ఇంకా ఎంత దూరమైనా పోతోంది.

గల్ఫ్ ప్రభుత్వాలు కూడా వేగం మీద దృష్టి పెట్టాయి. యూఏఈ 2024లో వర్క్ బండిల్ పేరుతో పని అనుమతి, నివాస వీసా, వైద్య పరీక్ష అన్నీ ఒకచోట చేర్చింది. ముప్ఫై పనిదినాలు పట్టేది అయిదింటికి తగ్గుతుందని, మెట్లు పదిహేను నుంచి అయిదుకు దిగుతాయని చెప్పింది. కాని గల్ఫ్‌లో అకామా, అంటే నివాస అనుమతి, రెన్యువల్ చేయించవలసినవాడు యజమాని, అంటే కఫీల్. అతను డబ్బు ఆదా కోసమో, బద్ధకం వల్లనో, పగ తీర్చుకోవడానికో చేయించకపోతే ఆన్‌లైన్ ఎంత వేగంగా ఉన్నా ఏం లాభం? అకామా తీరిన మర్నాటినుంచి కూలివాడు ఖల్లివల్లి, అంటే కాగితాలు లేని మనిషి. పోలీసు కనబడితే పక్క సందులోకి తప్పుకోవాలి. కువైట్ 2018లోనూ, 2020లోనూ, 2024లోనూ క్షమాభిక్ష ప్రకటించినప్పుడు మన తెలుగువాళ్లు రాయబార కార్యాలయం ముందు బారులు తీరారు. వాళ్లలో యజమాని కాగితం కట్టనందువల్ల నేరస్థులైనవాళ్లు ఉన్నారు. ఇంకొకరు చేయని పనికి వీళ్లు క్షమాపణ పొంది ఇంటికొచ్చారు.

మరి నేను అడుగుతున్న రెండో తెగ పని, అంటే ఆలస్యాన్ని ఆలస్యం చేసినవాడి ఖాతాలో రాయడం, ఎక్కడైనా జరిగిందా అంటే, మన ఊళ్లోనే జరిగింది. 2005 నాటి గ్రామీణ ఉపాధి హామీ చట్టం చూడండి. పని కావాలని అడిగిన 15 రోజుల్లో పని చూపకపోతే నిరుద్యోగ భృతి ఇవ్వాలంది. చేసిన పనికి 15 రోజుల్లో కూలి పడకపోతే పదహారో రోజు దాటినప్పటినుంచి రోజుకు 0.05 శాతం చొప్పున పరిహారం ఇవ్వాలంది. కట్టలేరు వాగు అవతలున్న ఖమ్మం జిల్లాకు అది 2006లో మొదటి విడతలోనే వచ్చింది, అప్పటికి మనమున్న కృష్ణా జిల్లాకు 2008లో వచ్చింది. అమలు సరిగా జరగలేదు, పరిహారం సక్రమంగా అందలేదు, అది మీకు నాకన్నా బాగా తెలుసు. అయినా 2018 మేలో స్వరాజ్ అభియాన్ కేసులో సుప్రీంకోర్టు ఆలస్యపు పరిహారం కూలీ హక్కు అని చెప్పగలిగిందంటే, ఆ మాట చట్టంలో రాసి ఉండబట్టే. చదువురాని కూలితల్లి తనకు రావలసినదాన్ని దయగా గాక బాకీగా అడగగలిగింది. 2025 డిసెంబరులో పార్లమెంటు ఆ చట్టం స్థానంలో మరో చట్టం చేసింది. పనిదినాలు 125కు పెరిగాయని చెప్పుకుంటున్నారు. కొత్త చట్టంలో ఎవరైనా మొదట వెతకవలసింది ఆ పదిహేను రోజుల గడువు, ఆ పరిహారం ఏ రూపంలో ఉన్నాయన్నది.

పెట్టుబడిదారుకు ఈ న్యాయం ఎప్పుడో అందింది. 2014లో తెలంగాణ చేసిన టీఎస్-ఐపాస్ చట్టం కింద భారీ పరిశ్రమకు 15 రోజుల్లో, మిగతావాటికి 30 రోజుల్లో అనుమతులు ఇవ్వాలి. భారీ పరిశ్రమ విషయంలో గడువులోగా తేల్చకపోతే అనుమతి వచ్చినట్టే లెక్క. దానివల్ల పరిశ్రమలు వచ్చాయి, మంచిదే. ఆ ఫ్యాక్టరీ కట్టేవాడికి కార్యాలయం మౌనమే అంగీకారం. కువైట్‌కు వెళ్లే ఇంటిపని మనిషికి కార్యాలయం మౌనం అంటే ఇంకో నెల వడ్డీ.

ఈ తేడా చెరపడానికి ఇప్పుడొక వీలుంది. 1983 చట్టం స్థానంలో తేవాలని విదేశాంగ శాఖ 2025 అక్టోబరులో విదేశీ వలసల సదుపాయం, సంక్షేమం మీద ఒక ముసాయిదా బిల్లును జనం ముందు పెట్టి అభిప్రాయాలు అడిగింది. అది పార్లమెంటుకు వచ్చినప్పుడు మన ఎంపీలను మనం అడగవలసినవి నాకు తోచినంతలో ఇవి. అనుమతి అర్జీకి చట్టంలోనే గడువు ఉండాలి. అది దాటితే అర్జీదారుకు పరిహారం రావాలి. యజమాని అకామా చేయించనందువల్ల చిక్కిన కూలివాణ్ణి వెనక్కి తెచ్చే ఖర్చును అతణ్ణి పంపిన ఏజెంటు దగ్గర, ఆ ఏజెంటు ప్రభుత్వం దగ్గర కట్టిన పూచీ సొమ్ములోంచి, రాబట్టాలి. రెండు దేశాల మధ్య ఒప్పందాలు కుదుర్చుకునేటప్పుడు, రెన్యువల్ అర్జీ పెండింగులో ఉన్నంతకాలం పని చేసే హక్కు ఆగకూడదన్న మాట పెట్టమని మన ప్రభుత్వం పట్టుబట్టాలి. అమెరికాతో వాణిజ్యం గురించి మాట్లాడే ప్రతి బల్ల దగ్గరా ఇది ఎత్తదగిన విషయమే. మన ఆడపిల్లల జీతం ఆ దేశపు పన్నుల్లోకీ పోతోంది.

అది ఎప్పటికి తేలుతుందో గాని, ఈలోగా ఇక్కడ కూర్చున్న తల్లిదండ్రులు చేయగలిగినవి కొన్ని ఉన్నాయి. అల్లుడి హెచ్-1బి గడువు ఎప్పుడో కనుక్కుని రాసిపెట్టుకోండి. ఆరు నెలల ముందు తలుపు తెరిచిన మొదటి రోజే మూడు కాగితాలూ కలిపి పెట్టమని వాళ్ల కంపెనీ లాయరును అడగమనండి. ఆ మధ్యకాలంలో సంక్రాంతికి రాలేదేమని, నెమలి వేణుగోపాలస్వామి కల్యాణానికి ఎందుకు రావని నిష్ఠూరం వేయకండి, స్టాంపింగు తారీఖు జరిగితే తిరిగి వెళ్లడం కష్టమవుతుంది. కార్డు రాక ఉద్యోగం ఆగిన కూతురితో "ఎలాగూ ఖాళీయేగా" అనే మాట ఇంట్లో ఎవరినీ అననివ్వకండి. గల్ఫ్‌కు వెళ్తామని ఎవరైనా బయలుదేరితే, ఏజెంటు రిజిస్ట్రేషను నంబరును ఈ-మైగ్రేట్‌లో సరిచూసి, విజిట్ వీసా అన్న మాట వినబడితే అక్కడే ఆపండి. ఈ ఊళ్లో చదువుకున్న కుర్రాళ్లు వారానికో పూట గ్రంథాలయంలో కూర్చుని ఆ నంబర్లు సరిచూసి పెట్టగలిగితే, ఆ పని రేపటినుంచే మొదలుపెట్టవచ్చు.